నా నవల చదివితే పాచికల చప్పుడు వినిపిస్తోందట

చంద్రగిరి_రాతగాడు:
అందరికీ నమస్తే. మేం ఐదుగురం ఆదివారం సాయంత్రాలు తిరుపతి బాలాజీ కాలనీలో ఒక మేడ మీద కూర్చుని ఆడుతుంటాం. రూల్సు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌వే (తలా ఒక పాత్ర తీసుకుని, వంతులవారీగా పాచికలు వేసి ఏం జరిగిందో తేల్చుకుంటూ కథ నడిపే ఆట, పొట్టిగా డీ అండ్ డీ), లోకం మాత్రం మాది. విజయనగరం పడిపోయాక పాలెగాళ్ళు ఎవరి కొండ వాళ్ళు పట్టుకుని కూర్చున్న కాలం. చంద్రగిరి కోట నుంచి తలకోన అడవి దాకా కథ నడుస్తుంది. డ్రాగన్లు లేవు. బ్రహ్మరాక్షసులు, నిధి కాసే పాములు, రాత్రిపూట దారి తప్పించే కొరివిదయ్యాలు ఉన్నాయి.

ఆ ఆటనే నవలగా రాస్తున్నా. మొదటి అధ్యాయాలు ఒక స్నేహితుడికి ఇచ్చా. చదివి, "కథ బాగుంది గానీ చదువుతుంటే పాచికల చప్పుడు వినిపిస్తోంది" అన్నాడు. పొగడ్తా తిట్టా అని అడిగితే టీ తాగేసి వెళ్ళిపోయాడు. ఇదిగో ఒక ముక్క, మీరే చెప్పండి:

"ఓబులు కత్తి దూసి కాపలావాడి మీదికి దూకాడు. వేటు తగల్లేదు. అప్పుడు చెంగమ్మ బాణం వేసింది. అది వాడి భుజానికి తగిలింది. తర్వాత సిద్ధయ్య మంత్రం చదివి వాడిని నిద్రపుచ్చాడు. రెండో కాపలావాడు ఈటె విసిరాడు. ఓబులు పక్కకు తప్పుకున్నాడు."

ఇంతకీ ఈ ఆటలు ఆడటం రాసేవాడికి మేలా, చేటా?

రేణిగుంట_ప్యాసింజర్:
తిట్టే తమ్ముడూ, డౌటే లేదు. ఓబులు, చెంగమ్మ, సిద్ధయ్య, రెండో కాపలావాడు, మళ్ళీ ఓబులు. దర్శనం టోకెన్లు పిలిచినట్టు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ పని చేసుకుని పక్కకు పోతున్నారు. చెంగమ్మ బాణం వేసేటప్పుడు ఓబులు ఏం చేస్తున్నాడు? నిలబడి చూస్తున్నాడా? నిజంగా కొట్లాట జరిగితే అందరూ ఒకేసారి కదులుతారు. ఎవడికీ ఏం జరుగుతోందో సగం కూడా తెలీదు.

ఇది నీ ఒక్కడి జబ్బు కాదు. రైల్లో కూర్చుని నేను చదివే ఫాంటసీలో ముప్పావు వంతు ఇట్లానే ఉంది. కత్తివీరుడు ఒకడు, దొంగ ఒకడు, గాయాలు మాన్పేవాడు ఒకడు, మాంత్రికుడు ఒకడు. సత్రంలో కలుస్తారు. ఎవరో ముసలాయన వచ్చి పని అప్పజెప్తాడు. ఒక్కొక్కడికి ఒక్కో విద్యే వచ్చు, రెండోది రాకూడదని ఎవరో శాసనం చేసినట్టు. ఇదంతా ఆ ఆటల పుణ్యమే.

ఇరవైముఖాలు:
అన్నా, నీ కోపంలో న్యాయం ఉంది గానీ మొత్తం ఆట నెత్తిన రుద్దితే కుదరదు. పుస్తకాల నుంచే ఆట పుట్టింది, ఆట నుంచి మళ్ళీ పుస్తకాలు పుట్టాయి. మధ్యలో ఏం పోయిందన్నది చూడాలి.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆ ఆటను అచ్చేసింది 1974లో. అంతకు మూడేళ్ళ ముందు గైగాక్స్, జెఫ్ పెర్రెన్ కలిసి చైన్‌మెయిల్ అని బొమ్మ సైనికులతో ఆడే యుద్ధం ఆటకు రూల్సు రాశారు. దాని చివర మాంత్రికులు, రాక్షసులతో ఒక అనుబంధం ఉంటుంది. ఆర్నెసన్ ఏం చేశాడంటే, ఆటగాడి చేతికి సైన్యం బదులు ఒక్క మనిషిని ఇచ్చాడు. ఆ మనిషి కోట కింద సొరంగాల్లోకి దిగుతాడు. బతికి బయటపడితే వచ్చే వారం అదే మనిషి, ఇంకాస్త ముదిరి, మళ్ళీ దిగుతాడు. అసలు విశేషం అక్కడుంది. సైన్యానికి గతం ఉండదు, మనిషికి ఉంటుంది.

ఇక ఆట నడిపేవాళ్ళ కోసం 1979లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్ చివర్లో అపెండిక్స్ ఎన్ అని, తనకు స్ఫూర్తినిచ్చిన రచయితల జాబితా గైగాక్స్ ఇచ్చాడు. ఆటలో ఎంత నరికినా గాయం పూడుకుపోయే ట్రోల్ అనే రాక్షసుడు పోల్ ఆండర్సన్ నవల నుంచి వచ్చింది. పట్నం సందుల్లో తిరిగే దొంగలు ఫ్రిట్జ్ లైబర్ కథల బంధువులు. టోల్కీన్ పేరూ ఉంది గానీ, తన మీద అన్నిటికన్నా దగ్గరగా పనిచేసినవాళ్ళని గైగాక్స్ విడిగా చెప్పిన పేర్లలో ఆయన లేడు.

జాక్ వాన్స్ సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఆయన 1950 నాటి కథల్లో మాంత్రికుడు మంత్రాన్ని కష్టపడి మెదడులోకి ఎక్కించుకుంటాడు, ప్రయోగించగానే అది బుర్రలోంచి మాయమైపోతుంది. అక్కడ సూర్యుడే ఆరిపోయేలా ఉంటాడు, విద్యలన్నీ ఒక్కొక్కటే అంతరించిపోతుంటాయి, ఆ దిగులులో ఇదీ ఒక భాగం. ఆటలోకి వచ్చేసరికి అది లెక్కైంది. పొద్దున ఇన్ని మంత్రాలు, సాయంత్రానికి ఇన్ని ఖర్చు. ఆ ఆట ఆడి పెరిగినవాళ్ళు నవలలు రాసేనాటికి లెక్క మిగిలింది, దిగులు పోయింది. అన్నకు చిరాకు తెప్పిస్తున్నది అదేనని నా అనుమానం.

పుత్తూరు_పిల్లోడు:
అన్నా నాకు ఈ పేర్లేవీ తెలీదు. నేను చూసేది యానిమే, చదివేది ఫోన్లో వచ్చే వెబ్ నవలలు. అందులో హీరో చచ్చి వేరే లోకంలో పుడతాడు, కళ్ళ ముందు స్టేటస్ విండో వస్తుంది, బలం ఇంత, లెవెల్ ఇంత అని. అది కూడా దీన్నుంచే వచ్చిందా? నాకైతే అట్లా అంకెలు కనబడితేనే మజా.

ఇరవైముఖాలు:
దీన్నుంచే, కాకపోతే చుట్టు తిరిగి వచ్చింది. డీ అండ్ డీని చూసి అమెరికాలో కంప్యూటర్ ఆటలు చేశారు, 1981లో వచ్చిన విజార్డ్రీ అందులో ఒకటి. అది జపాన్‌లో బాగా పాకింది. 1986లో డ్రాగన్ క్వెస్ట్ వచ్చింది. నీ స్టేటస్ విండోకి అవి తాతలు.

జపాన్‌లో ఇంకో దారి కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. అదే 1986లో కాంప్‌టిక్ అనే పత్రికలో కొందరు కూర్చుని ఆడిన ఆటను, ఎవరు ఏమన్నారో నాటకం మాటల్లా అచ్చేశారు. దాన్ని వాళ్ళు రీప్లే అంటారు. అదే రికార్డ్ ఆఫ్ లోడాస్ వార్. గేమ్ మాస్టర్‌గా, అంటే ఆట నడిపేవాడిగా కూర్చున్న ర్యో మిజునో 1988 నుంచి దాన్నే నవలలుగా రాశాడు. అందులో డీడ్‌లిట్ అనే పొడుగు చెవుల ఎల్ఫ్ అమ్మాయి ఉంటుంది, నీ యానిమేల్లో కనబడే ఎల్ఫ్‌లు చాలామంది ఆమె పోలికే. ఆ ఆటలో డీడ్‌లిట్‌గా ఆడింది హిరోషి యమమోటో అనే మగ రచయిత.

పుత్తూరు_పిల్లోడు:
ఏందన్నా ఇది 😂 నా చిన్నప్పటి క్రష్!

పాతచందమామలు:
నేను రిటైరైన అయ్యవారిని. పాచికలు పట్టుకుని చాలా కాలమైంది, అదీ వైకుంఠపాళిలో. ఆట రూల్సు నాకు తెలీవు గానీ ఇరవైముఖాల అబ్బాయి చెప్పిన వాన్స్ సంగతి చదువుతుంటే కర్ణుడు గుర్తొచ్చాడు.

పరశురాముడి శాపం ఏమిటి? అత్యవసరమైన వేళ అస్త్రమంత్రం గుర్తుకు రాదు. ఇంద్రుడిచ్చిన శక్తి సంగతేమిటి? ఒక్కసారికే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాచిపెట్టుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడు కౌరవసేనను తొక్కేస్తుంటే, అందరూ గగ్గోలు పెడుతుంటే, విధిలేక వాడి మీద వదిలాడు. ఘటోత్కచుడు పడ్డాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషంతో గంతులేశాడు. మీ ఆట భాషలో ఇది ఖర్చు లెక్కే కదా? కానీ వినేవాడికి లెక్క కనబడదు, కర్ణుడి చెయ్యి వణకడమే కనబడుతుంది.

ఇంకోటి. నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని ఋతుపర్ణుడి దగ్గర రథం తోలుతుంటాడు. దారిలో ఒక తాండ్రచెట్టు. ఋతుపర్ణుడు రథం మీదనుంచే దాని ఆకులు, కాయలు ఎన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, దిగి, లెక్కపెడతాడు. సరిపోతుంది. ఇద్దరూ విద్యలు మార్చుకుంటారు, ఈయన గుర్రాల విద్య ఇచ్చి ఆయన పాచికల విద్య తీసుకుంటాడు. అది వంటబట్టిన క్షణానే నలుడి ఒంట్లోంచి కలి బయటికి వచ్చేస్తాడు. పాచికలతో నాశనమైనవాడు పాచికల లోగుట్టు తెలుసుకుని బాగుపడ్డాడు. మీ పిల్లలు లెవెల్ పెరగడం అంటారే, దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

కాబట్టి రూల్సు వల్ల కథ చెడిపోతుందన్న మాట నేను ఒప్పుకోను. వరాలకీ శాపాలకీ మనవాళ్ళు పెట్టినన్ని షరతులు ఏ ఆటలోనూ ఉండవు. హిరణ్యకశిపుడి వరం చదవండి, వకీలు రాసిన దస్తావేజులా ఉంటుంది.

రేణిగుంట_ప్యాసింజర్:
అయ్యవారూ, మీ మాట శిరోధార్యం. కానీ ఆ షరతులు పెట్టినవాడికి వాటిని ఎక్కడ, ఎట్లా విరగ్గొట్టాలో ముందే తెలుసు. గుమ్మం మీద కూర్చోబెట్టి చంపడానికే "లోపలా బయటా" అన్నారు. ఆటలో పాచిక పడ్డాక చూసుకుందాం అంటారు. రెండూ ఒకటి ఎట్లా అవుతాయి?

కలంకారి_అక్క:
ఈ ప్రశ్నకి నేను జవాబిస్తా. మాది కాళహస్తి. పగలు అద్దకం పని, సెలవు రోజుల్లో గేమ్ మాస్టర్ పని.

ఒకసారి పాలెగాడి కోటలోకి దొంగదారి సిద్ధం చేసుకుని కూర్చున్నా. పటం గీశా, పాడుబడ్డ బావి, అందులోంచి సొరంగం, సొరంగంలో ఉచ్చులు, అన్నీ రెడీ. నాతో ఆడే పిల్లలు బావి వైపే రాలేదు. నేరుగా సుంకం కట్టే గేటు దగ్గరికి పోయారు. అక్కడ సుంకం వసూలు చేసేవాడు ఒకడు ఉంటాడని అప్పటికప్పుడు చెప్పా. వాడికి పేరు లేదు, మొహం లేదు. ఒకమ్మాయి, "అన్నా, నీ పేరేంది? పొద్దుటినుంచి ఇట్లా ఎండలో నిలబడ్డావు, సంగటి తిన్నావా?" అని అడిగింది. పాచిక వేసింది. ఇరవై పడింది, అంతకన్నా పెద్దది లేదు.

నేను బిత్తరపోయి నోటికొచ్చిన పేరు చెప్పా, మునెయ్య అని. వాడికి ఒక కూతురుందని, కట్నం కోసం సుంకం డబ్బులో కొంచెం కొంచెం నొక్కేస్తున్నాడని అదే నిమిషంలో పుట్టించా. ఆ తర్వాత ఆ పిల్లలు వాడిని వదల్లేదు. మునెయ్య వాళ్ళకి తలుపులు తీశాడు, అబద్ధాలు చెప్పాడు, జ్వరం వస్తే కషాయం కాచాడు. ఒక రాత్రి కోట గోడ మీదనుంచి వాడిని కిందికి దించేటప్పుడు అదే అమ్మాయి పాచిక వేస్తే ఒకటి పడింది, అన్నిటికన్నా చెడ్డది. తాడు జారింది.

ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి, "ఇంకోసారి వేస్తా అక్కా" అంది. వద్దన్నా. పై వారం ఆటకు రాలేదు.

నేను ఒంటరిగా కూర్చుని రాసుంటే మునెయ్య పుట్టేవాడు కాదు. పుట్టినా, చచ్చేవాడు కాదు, ఎందుకంటే నాకు వాడంటే ఇష్టం. ఆటలో నాకు నచ్చేది అంకెలు కాదు. ఎదురుగా నలుగురు కూర్చుని, నేను గీసిన బావి వైపు చూడకుండా, నేను పట్టించుకోనివాడి పేరు అడుగుతారే, అది.

ఇరవైముఖాలు:
అక్కా 🙏

దీనికి అచ్చులో కూడా సాక్ష్యం ఉంది. 1984లో డీ అండ్ డీని అచ్చేసే టీఎస్ఆర్ కంపెనీ డ్రాగన్‌లాన్స్ అని ఆట పుస్తకాలు, నవలలు రెండూ పక్కపక్కనే తెచ్చింది. నవలలు మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ రాశారు. రైస్ట్లిన్ అని ఒక రోగిష్టి మాంత్రికుడు ఉంటాడు. ముందుగా పరీక్షకు ఆడి చూస్తున్నప్పుడు ఆ పాత్ర తీసుకున్న ఆయన గొంతు తగ్గించి బుసకొట్టినట్టు మాట్లాడాడు. ఆ గొంతే నవలలోకి వచ్చింది. పాఠకులు హీరోలను మర్చిపోయి వాడిని పట్టుకున్నారు.

1982లో అచ్చైన రేమండ్ ఫీస్ట్ నవల మెజీషియన్ కూడా శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో స్నేహితుల గుంపు ఆడుకున్న లోకం మీదే నడుస్తుంది. ఆ ఊళ్ళు, పటాలు, దేవుళ్ళు గుంపు మొత్తం కలిసి కట్టుకున్నవి.

రేణిగుంట_ప్యాసింజర్:
మునెయ్య కథ బాగుంది అక్కా, కాదనను. కానీ అది నాకు ఎందుకు తగిలింది? నువ్వు ఇక్కడ నాలుగు పేరాల్లో చెప్పావు కాబట్టి. ఆ ఆట గంటల తరబడి జరిగుంటుంది. అందులో ఎంతసేపు మిక్చర్ పొట్లం గురించి, ఎంతసేపు రూల్ బుక్ తిరగేయడం? దాన్నంతా నువ్వు కోసి పారేశావు. రాతగాడు తమ్ముడు కోయడం లేదు, అదీ తేడా.

ఇంకో మాట. పాచికతోనే ఉత్కంఠ పుడుతుందంటే నేను నమ్మను. మా అత్తగారి ఊరు పుత్తూరు పక్కన. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జునుడి తపస్సు రోజు వేషం కట్టినాయన అంతెత్తు తపస్సు మాను ఎక్కుతాడు. ఒక్కో మెట్టుకీ పద్యం పాడతాడు, పైనుంచి నిమ్మకాయలూ పండ్లూ విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు కింద కొంగు పట్టుకుని నిలబడతారు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడికీ దుర్యోధనుడికీ యుద్ధం. ఎవడు గెలుస్తాడో చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే ఉంటాయి. పాచిక ఎక్కడుంది అందులో?

కలంకారి_అక్క:
పాచిక లేదు, నిజమే. కానీ ఆ తపస్సు మాను ఎక్కేవాడు జారి పడితే? కింద నిలబడ్డవాళ్ళలో ప్రతి ఒక్కరూ ఊపిరి బిగబట్టేది అర్జునుడి కోసం కాదు, ఎక్కుతున్న మనిషి కోసం. కొంగులో పండు పడుతుందా పడదా అన్నది కూడా ఎవరికీ తెలీదు.

రేణిగుంట_ప్యాసింజర్:
హు. అది సరే.

పుత్తూరు_పిల్లోడు:
నాకు ఒక ఐడియా వచ్చింది. తిరుపతి గంగమ్మ జాతర మొత్తం ఒక క్యాంపెయిన్, అంటే వారాల తరబడి సాగే ఆట చేయొచ్చు కదా! పాలెగాడు దాక్కుంటాడు, గంగమ్మ రోజుకో వేషం వేసి వెతుకుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, చివరికి దొర వేషం. దొర వచ్చాడనుకుని వాడు బయటికి వస్తాడు, అంతే సంగతి. డిటెక్టివ్ కథ రెడీ! గంగమ్మకు లెవెల్ ఎంత ఇద్దాం?

మోడరేటర్:
తమ్ముడూ, చర్చ బాగుంది, ఆపడం లేదు. అమ్మవారికి లెవెల్ వేయడాలు, అంకెలివ్వడాలు మాత్రం వద్దు. ఇక్కడ మొక్కు తీర్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

పాతచందమామలు:
మోడరేటర్ గారి మాట సబబు. తాతయ్యగుంటలో వేషం కట్టేవాడు నటించడం లేదు, మొక్కు చెల్లిస్తున్నాడు. మీ ఆటలో పాత్ర తీసుకోవడానికీ దానికీ పోలిక తేవద్దు.

అయితే కుర్రాడు పట్టుకున్న కథ ఎముక గట్టిదే. దాక్కున్న దుర్మార్గుడు, వాడు ఎవరికి లొంగుతాడో కనిపెట్టడం, ఆ రూపంలోనే వాడి ముందుకు పోవడం. దేవత పేరు లేకుండా, వేరే ఊరు, వేరే మనుషులతో ఆ ఎముక మీద కథ అల్లుకోండి. దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామలో దశాబ్దాల పాటు జానపద సీరియళ్ళు రాశారు, పేరు కూడా వేసేవారు కాదు. వాటిలో మాంత్రికులూ, శిథిలాలూ, కొండజాతులూ, రాక్షసులూ అన్నీ మన ఎముకలే, కండ ఆయనది. నెలకొక భాగం, ప్రతి భాగం చివర ఎవరో ఒకరు ప్రమాదంలో. అందులోనూ స్నేహితుల జట్టే అడవుల వెంట తిరిగేది. సత్రంలో ముసలాయన పని అప్పజెప్పడం విదేశీ సరుకు అని రేణిగుంట వారు అనుకుంటున్నట్టున్నారు. పేదరాశి పెద్దమ్మ ఇంట్లో బస చేయని రాకుమారుడు మన కథల్లో ఎవడున్నాడండీ?

చంద్రగిరి_రాతగాడు:
ఇన్ని పోస్టులు వస్తాయనుకోలేదు. రెండు రోజులు ఆఫీసు పని వదిలేసి ఇదే చదువుతున్నా.

ఒక అనుమానం. మలాజాన్ అని స్టీవెన్ ఎరిక్సన్ రాసిన సిరీస్ కూడా ఆట నుంచే వచ్చిందంటారు. అది చదువుతుంటే నాకు ఎక్కడా పాచిక వినపడలేదు. ఎట్లా సాధ్యమైంది?

రేణిగుంట_ప్యాసింజర్:
పాచికేం, నాకు ఏమీ వినపడలేదు. వంద పేజీలకే దిగిపోయా. ఎవడు ఎవడో చెప్పడు మహానుభావుడు.

ఇరవైముఖాలు:
హహ, చాలామంది దిగిపోయే స్టేషనే అది.

ఎరిక్సన్, ఇయాన్ ఎస్సల్మాంట్ ఇద్దరూ పురావస్తు తవ్వకాల్లో పనిచేసినవాళ్ళు. 1980లలో ఇద్దరూ ఆడుకుంటూ ఆ లోకం కట్టారు, మొదట డీ అండ్ డీ, తర్వాత గర్ప్స్ అనే ఇంకో ఆట రూల్సుతో. మొదటి నవల 1999లో గానీ రాలేదు. నా అంచనా ఏమిటంటే, ఆ మధ్యలో పాచికలు ఎప్పుడు ఏం పడ్డాయో మర్చిపోయారు. ఎవడు ఎవడిని మోసం చేశాడు, ఎక్కడ ఏ ఊరు మట్టిలో కలిసింది, అవి మాత్రం గుర్తున్నాయి. రాతగాడు తమ్ముడు ఆదివారం ఆడి సోమవారం రాస్తున్నాడు. పాచికల వేడి తగ్గనే లేదు.

ఆట మరీ ముదిరితే ఏమవుతుందో కూడా చెప్తా. జార్జ్ ఆర్ ఆర్ మార్టిన్ 1980లలో స్నేహితులతో సూపర్‌వరల్డ్ అనే ఆటలో పడి, రాయాల్సిన నవలలు పక్కన పెట్టేశాడు. ఆ పిచ్చిలోంచి ఏదైనా డబ్బు రావాలి కదా అని అదే గుంపుతో వైల్డ్ కార్డ్స్ అనే కథల సంపుటాలు మొదలుపెట్టాడు, మొదటి సంపుటం 1987లో వచ్చింది. ఆయన చెయ్యి తిరిగిన రచయిత కాబట్టి సరిపోయింది. మనకు ఇంట్లో తన్నులే.

కలంకారి_అక్క:
రాతగాడు తమ్ముడూ, ఒక పని చెయ్. ఆ కొట్లాట ముక్కను నోట్సు చూడకుండా మళ్ళీ రాయి. ఎవరి వంతు ముందో మర్చిపో. ఎవరికి ఏం పోయిందో అది ఒక్కటే గుర్తుపెట్టుకుని రాయి.

చంద్రగిరి_రాతగాడు:
అక్క చెప్పినట్టు రాశా. రాత్రి ఒంటిగంట, తప్పులుంటే సర్దుకోండి.

"ఓబులు దూకాడు గానీ కాలు జారి మోకాలు బండకు కొట్టుకుంది. ఆ చప్పుడుకి కాపలావాడు తిరిగాడు. వాడు నోరు తెరవకముందే పడగొట్టాలని చెంగమ్మ వేసిన బాణం భుజంలో దిగింది, దాంతో వాడు ఇంకా గట్టిగా అరిచాడు. సిద్ధయ్య పెదాలు కదిలాయి. అరుపు సగంలో ఆగి గురకైంది. రెండోవాడు ఈటె అక్కడే పారేసి చీకట్లోకి పరిగెత్తాడు.

'ఇంత మంచి మంత్రం ఉంటే ముందే వేసుండొచ్చు కదా సామీ' అన్నాడు ఓబులు మోకాలు పట్టుకుని.

సిద్ధయ్య పలకలేదు. వాళ్ళమ్మ పేరేమిటో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు."

పుత్తూరు_పిల్లోడు:
అన్నా!!! చివరి లైను!!!

పాతచందమామలు:
బాగుంది నాయనా. బాణం తగిలి ఇంకా గట్టిగా అరవడం మరీ బాగుంది. సాయం చేయబోతే బెడిసికొట్టింది, అది నిజంగా జరిగే సంగతి. "ఇంత మంచి మంత్రం" అన్న మాటలో వెటకారం ఇంకొంచెం పడాలి, ఓబులు నొప్పిలో ఉన్నాడు.

కలంకారి_అక్క:
వాళ్ళమ్మ పేరు మర్చిపోవడం ఆటలోనే వచ్చిందా, నువ్వు కల్పించావా?

చంద్రగిరి_రాతగాడు:
కల్పించా అక్కా. ఆటలో అది ఒక స్పెల్ స్లాట్, మంత్రం వేసుకునే ఒక అవకాశం అంతే, పెన్సిల్‌తో ఒక గడి కొట్టేస్తాం, తెల్లారితే మళ్ళీ వస్తుంది. రాసేటప్పుడు వాన్స్ గురించి, కర్ణుడి గురించి ఇక్కడ చదివింది బుర్రలో తిరుగుతోంది. ఆ గడి కొట్టేసినప్పుడు వాడికి నిజంగా ఏం పోతుందబ్బా అనుకున్నా.

రేణిగుంట_ప్యాసింజర్:
ఈ ముక్క నేను చదువుతా తమ్ముడూ. ప్యాసింజర్ ఎంత లేటైనా సరే.

కానీ ఇరుక్కున్నావు. ఒక మంత్రానికి ఒక జ్ఞాపకం అని రేటు కట్టావు కదా, ఇప్పుడు పుస్తకం పొడుగునా అదే రేటు నడవాలి. పదో అధ్యాయంలో పెద్ద మంత్రం వేస్తే ఇంకా పెద్దది పోవాలి. మొదటి అధ్యాయంలో సిద్ధయ్య వేసిన మంత్రాలకి ఏమేం పోయాయి? అవి కూడా చెప్పాలి, లేకపోతే నేను ఒప్పుకోను. వాడికి మొత్తం ఎన్ని జ్ఞాపకాలు ఉన్నాయో, ఏది ముందు పోతుందో, ఏది చివరికి దాచుకుంటాడో ఒక కాగితం మీద రాసి పెట్టుకో. వాడినప్పుడల్లా ఒకటి కొట్టేయ్.

ఇరవైముఖాలు:
అన్నా, ఆ కాగితాన్ని క్యారెక్టర్ షీట్ అంటారు.

రేణిగుంట_ప్యాసింజర్:
ఏదైనా అనుకోండి. సిద్ధయ్యకి పెళ్ళయిందా?

చంద్రగిరి_రాతగాడు:
అయిందన్నా. భార్య పుంగనూరులో ఉంటుంది. ఆటలో ఇప్పటిదాకా ఎవరూ ఆమె ఊసే ఎత్తలేదు.

రేణిగుంట_ప్యాసింజర్:
ఎత్తించు. ముందు పిల్లల పేర్లు పోనీ, ఆమె పేరు అప్పుడే పోనివ్వకు.

పుత్తూరు_పిల్లోడు:
నేను కూడా మొదలుపెట్టాలనుకుంటున్నా. రూల్ బుక్ కొనడానికి డబ్బుల్లేవు, హాస్టల్లో ఉన్నా. ఏం చేయాలి?

ఇరవైముఖాలు:
కొనక్కర్లేదు. డీ అండ్ డీ ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలేశారు. ఎస్ఆర్‌డీ 5.1 అని వెతుకు, ఉచితంగా దించుకోవచ్చు. దాని మీద నీ సొంత లోకం కట్టి అమ్ముకున్నా ఎవరూ అడగరు, మూలం ఎక్కడిదో ఒక వాక్యం వేస్తే చాలు. పాచికలకు ఫోన్లో యాప్ ఉంటుంది. యాప్ వద్దనుకుంటే ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకో, తీసిన చీటీ మళ్ళీ గ్లాసులో వేయడం మాత్రం మరవకు. మొదటిసారి ముగ్గురు చాలు. గేమ్ మాస్టర్ నువ్వే కూర్చో. పటం తక్కువ గీసుకో, పేర్లు ఎక్కువ రాసుకో. దారిన పోయే ప్రతివాడి పేరూ అడుగుతారు.

పాతచందమామలు:
బాలాజీ కాలనీ మేడ మీద ఒక ముసలాయనకు చోటుంటుందా? ఆడను, మూల కూర్చుని వింటాను.

చంద్రగిరి_రాతగాడు:
అయ్యవారూ తప్పకుండా రండి, ఆదివారం ఐదింటికి. ఊరికే వినడం మాత్రం మా దగ్గర కుదరదు. వచ్చినవాళ్ళందరికీ ఒక పాత్ర ఇస్తాం. లిఫ్టు లేదు, మెట్లు కొంచెం ఎత్తు, రేణిగుంట అన్నను తోడు తెచ్చుకోండి.

రేణిగుంట_ప్యాసింజర్:
నన్నెందుకు లాగుతారు మధ్యలో. సరే వస్తా, కానీ సత్రంలో మొదలుపెడితే లేచి వెళ్ళిపోతా.